ఓవర్‌టేక్ అంటే దాటిపోవడమేనా?

మొన్న శ్రావణమాసంలో మా చిన్నమ్మాయికి సంబంధం ఖాయమైంది. తాంబూలాలు మా ఇంట్లోనే పుచ్చుకున్నాం. పాతికమందికి మించి లేరు. భోజనాలయ్యాక అందరూ హాల్లో కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. పెద్దమ్మాయి కాఫీలు అందిస్తోంది. మా వదినగారు, అంటే మా వారి అక్కగారు, కప్పు అందుకుంటూ నవ్వుతూనే అన్నారు: "మొత్తానికి చిన్నది నిన్ను ఓవర్‌టేక్ చేసేసిందే!"

అందరూ నవ్వారు. పెద్దదీ నవ్వింది. "మరి నా బండి స్లో కదత్తా" అంది. ట్రే పట్టుకుని వంటింట్లోకి వచ్చి, సింకు దగ్గర ఒకే కప్పుని చాలాసేపు కడిగింది. నేను పక్కనే ఉన్నాను. ఏమీ అడగలేదు. ఏమడగాలో తెలియలేదు.

వదినగారిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆవిడ మనసులో ఏమీ లేదని నాకు తెలుసు. పెళ్ళివారింట్లో ఇలాంటి మాటలు కాఫీలతో పాటు తిరుగుతూనే ఉంటాయి. కానీ నాకో అలవాటుంది. ఏదైనా మాట మనసులో ముల్లులా గుచ్చుకుంటే, అది ఎక్కడిదో, ఎక్కడ పుట్టి ఎక్కడికొచ్చిందో వెతుక్కుంటాను. మా వారు దీన్ని నా రోగం అంటారు. ఆ రాత్రి పడుకోకుండా నిఘంటువులు ముందేసుకున్నాను. ఆ తర్వాత నాలుగు రోజులు చదివినదీ, చదువుతూ అనుకున్నదీ మీతో పంచుకుందామని ఇది.

ఓవర్, టేక్. రెండూ చిన్న మాటలే. ఇందులో టేక్ అనేది ఇంగ్లీషువాళ్ళ సొంత మాట కాదట! వాళ్ళ పాత భాషలో తీసుకోవడానికి 'నిమన్' అనేవారు. ఉత్తరాన్నుంచి ఓడలెక్కి వచ్చి ఇంగ్లండులో స్థిరపడిన వైకింగుల భాష నుంచి 'టాక' అనే మాట వచ్చింది. తాకడం, పట్టుకోవడం అని దాని అర్థం. ఆ వచ్చిన మాట మెల్లగా ఇంటి మాటనే బయటికి నెట్టేసింది. నిమన్ గుర్తుగా ఇప్పుడు ఇంగ్లీషులో నంబ్, నింబుల్ లాంటి ఒకటి రెండు మాటలు మిగిలాయి. కాలు తిమ్మిరెక్కితే నంబ్ అంటాం చూశారా, తిమ్మిరి 'పట్టింది' అన్నమాట. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని మన పెద్దవాళ్ళన్నది మాటలకీ వర్తిస్తుందన్నమాట. ఓవర్‌టేక్‌లో ఉన్న టేకే తన ముందున్న మాటని ఓవర్‌టేక్ చేసింది!

ఇంగ్లీషులో ఓవర్‌టేక్ 13వ శతాబ్దం నుంచీ కనిపిస్తుంది. అప్పటి అర్థం చూసి నేను ఆశ్చర్యపోయాను. దాటిపోవడం కాదు, అందుకోవడం. ముందు వెళ్తున్నవాళ్ళని వెనకనుంచి వెళ్ళి కలుసుకోవడం. అక్కడితో సరి. కలుసుకున్నాక వాళ్ళని వెనక పడేసి వెళ్ళిపోవాలన్న భావం ఆ మాటలో లేనే లేదు.

ఈ పాత అర్థం బాగా తెలియాలంటే 1611లో అచ్చైన ఇంగ్లీషు బైబిల్ చూడాలి. నేను చిన్నప్పుడు చదివింది మిషన్ స్కూల్లో కాబట్టి ఆ కథలు కొద్దిగా గుర్తున్నాయి. ఫరో సైన్యం ఇశ్రాయేలీయులని సముద్రపు ఒడ్డున ఓవర్‌టేక్ చేసిందని అందులో ఉంటుంది. ఈనాటి అర్థం పెట్టుకుని చదివితే ఆ సైన్యం వాళ్ళని దాటి సముద్రంలోకి వెళ్ళిపోయినట్టు అవుతుంది. అసలు అర్థం, అక్కడ విడిది చేసినవాళ్ళని వచ్చి అందుకున్నారని.

ఇంకో కథ ఉంది. అది చదివినప్పుడు మటుకు నాకు వదినగారి మాట మళ్ళీ చెవిలో వినబడింది. లాబాను అనే ఆయనకి ఇద్దరు కూతుళ్ళు, లేయా, రాహేలు. యాకోబు ఆయనకి మేనల్లుడు. చిన్నదాన్ని ఇస్తే చాలు, ఏడేళ్ళు నీ దగ్గర పనిచేస్తానన్నాడు. ఏడేళ్ళూ చేశాడు. తీరా పెళ్ళిరోజు రాత్రి మామగారు పెద్దదాన్ని పంపించాడు. తెల్లారాక యాకోబు ఇదేమిటని నిలదీస్తే, పెద్దది ఉండగా చిన్నదాన్ని ఇవ్వడం మా దేశంలో మర్యాద కాదన్నాడు. చివరికి ఇద్దరినీ ఇచ్చాడు, ఇంకో ఏడేళ్ళు చేయించుకున్నాడు. చాలా ఏళ్ళ తర్వాత యాకోబు ఇద్దరు భార్యల్నీ, పిల్లల్నీ, మందల్నీ తీసుకుని మామగారికి చెప్పకుండా బయల్దేరిపోయాడు. లాబాను ఏడు రోజులు వెంటపడి గిలాదు కొండమీద అతన్ని ఓవర్‌టేక్ చేశాడు. చేసి, ఏం చేశాడు? నా కూతుళ్ళకి వీడ్కోలు కూడా చెప్పుకోనివ్వలేదేమని అడిగాడు. పోట్లాడుకున్నారు, రాళ్ళు కుప్పపోసి ఒప్పందం చేసుకున్నారు, కలిసి భోజనం చేశారు. పొద్దున్నే కూతుళ్ళనీ మనవల్నీ ముద్దు పెట్టుకుని, దీవించి, ఆయన దారిన ఆయన వెనక్కి వెళ్ళిపోయాడు.

ఆ ఓవర్‌టేక్‌లో ఒక తండ్రి ఏడు రోజుల పరుగు ఉంది. కూతుళ్ళని ఒక్కసారి చూసుకోవాలన్న ఆరాటం ఉంది. (పాపం ఆ లేయా సంగతి మాత్రం ఎవరూ అడిగినట్టు లేరు. పెద్దదాని పరువు కాపాడుతున్నానంటూ ఆయన చేసిన పనికి జీవితాంతం నలిగింది ఆ పిల్లే.)

ఇంకో వాడుక కూడా ఉంది ఈ మాటకి. మనిషిని చీకటి ఓవర్‌టేక్ చేస్తుంది, తుఫాను ఓవర్‌టేక్ చేస్తుంది, నిద్ర చేస్తుంది, దుఃఖం చేస్తుంది. మన భాషలో వీటికి ఎంత చక్కటి మాటలున్నాయో చూడండి. చీకటి ముంచుకొచ్చింది అంటాం, నిద్ర ముంచుకొచ్చింది అంటాం. 1600 ప్రాంతాల్లో ఇంగ్లండులో తాగి తూలేవాణ్ణి కూడా 'ఓవర్‌టేకెన్' అనేవారు. మందు అతన్ని పట్టుకుందన్నమాట. షేక్స్పియర్ 'హామ్లెట్'లో ఒక తండ్రి పరాయి దేశంలో ఉన్న కొడుకు నడవడి ఆరా తీయడానికి మనిషిని పంపిస్తూ ఈ మాటే వాడతాడు. కొడుకు తాగుతున్నాడో లేదో కనుక్కోవడానికి గూఢచారిని పెట్టే తండ్రులు ఆ రోజుల్లోనూ ఉన్నారు!

అందుకోవడమే గెలుపు అనే ఆట ఒకటి ఇంగ్లండులో ఈనాటికీ బతికుంది. కేంబ్రిడ్జిలో నది ఇరుకు. పక్కపక్కన రెండు పడవలు పోటీగా నడవడానికి చోటు చాలదు. అందుకని 1827 నుంచి అక్కడి కాలేజీల పడవల్ని ఒకదాని వెనక ఒకటి, పడవన్నర దూరంలో నిలబెట్టి ఒకేసారి వదులుతున్నారు. వెనక పడవ ముందుదాన్ని దాటక్కర్లేదు. తాకితే చాలు. తాకగానే ఆ రెండూ పక్కకి తప్పుకుని మిగతావాళ్ళకి దారి ఇస్తాయి. మర్నాడు ఆ రెండు పడవలూ స్థానాలు మార్చుకుని బయల్దేరతాయి. దాటడానికి చోటు లేని దారిలో కూడా పోటీ ఎలా పెట్టుకోవచ్చో కనిపెట్టారు చూడండి. మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద చిన్నప్పుడు మా పిల్లలిద్దరూ ఆడుకున్నది దాదాపు ఇదే ఆట.

మరి అందుకోవడం దాటిపోవడంగా ఎప్పుడు మారింది? ఇలాంటివి ఒక్కరోజులో మారవు. నాకు తోచినదేమిటంటే, కాలినడకన వెళ్ళేవాళ్ళు ముందున్న మనిషిని అందుకుంటే ఆగుతారు. ఏ ఊరండీ, ఎక్కడిదాకా అని పలకరిస్తారు. కలిసి నడుస్తారు. అందుకున్నాక ఆగక్కర్లేని వేగం వచ్చినప్పుడే ఆ మాటకి రెండో సగం అతుక్కుంది. గుర్రపు బళ్ళ కాలం నుంచే ఇది మొదలైంది. 1835లో ఇంగ్లండులో వచ్చిన రహదారుల చట్టం బళ్ళు ఎదురుపడినప్పుడు ఎడమపక్కకి తప్పుకోవాలంది. వెనకనుంచి వచ్చేవాళ్ళని కావాలని పోనివ్వకుండా అడ్డుకుంటే జరిమానా అంది. అంటే దారి ఇవ్వకుండా సతాయించే బండివాళ్ళు అప్పుడూ ఉన్నారన్నమాటే కదా. మనం ఎడమపక్కన నడపడానికి మూలం ఆ అలవాటే, వాళ్ళ పాలనతో మనకీ వచ్చింది.

ఆ తర్వాత ఒక తమాషా కాలం నడిచింది. 1865లో ఆవిరి బళ్ళ కోసం ఒక చట్టం చేశారు. ఊళ్ళో గంటకి 2 మైళ్ళు, బయట 4 మైళ్ళు మించకూడదు. పైగా బండికి అరవై గజాల ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని నడవాలి! గంటకి రెండు మైళ్ళంటే సుమారు మూడు కిలోమీటర్లు. కూరగాయల సంచి మోసుకుంటూ నేనే అంతకన్నా వేగంగా వస్తాను రైతుబజారు నుంచి. ఆ రోజుల్లో మనిషే బండిని ఓవర్‌టేక్ చేసేవాడన్నమాట. 1896లో ఆ అడ్డు తీసేసి వేగం 14 మైళ్ళకి పెంచారు. ఆ సంతోషానికి లండన్ నుంచి బ్రైటన్‌దాకా కార్ల ఊరేగింపు జరిగింది. పాత కార్లతో దాన్ని ఇప్పటికీ జరుపుకుంటున్నారు. 1931కి వచ్చేసరికి హైవే కోడ్ అని ఒక చిన్న పుస్తకం వేసి ఒక్క పెన్నీకి అమ్మవలసి వచ్చింది. దాటడం ఒక విద్య అయిపోయింది మరి.

అమెరికావాళ్ళు ఈ మాటని రోడ్డు మీద పెద్దగా వాడరు. వాళ్ళకి 'పాస్' చేయడమే. అక్కడున్న మా చెల్లెలు కొడుకు మొదటిసారి ఇండియా వచ్చినప్పుడు మా డ్రైవరు "ఓవర్‌టేక్ చేస్తాను బాబూ" అంటే కాసేపు బుర్ర గోక్కున్నాడు. బ్రిటన్‌లో ఇంకో సరదా మాట ఉంది. దాటవలసిన పక్క కాకుండా రెండో పక్కనుంచి దూరి వెళ్ళిపోవడాన్ని 'అండర్‌టేక్' అంటారు. అండర్‌టేకర్ అంటే అక్కడ అంత్యక్రియలు జరిపించేవాడు కూడా. కాబట్టి ఈ మాటతో వాళ్ళు వేసే జోకులు మీరే ఊహించుకోండి. మన ఊళ్ళలో స్కూటర్ల మీద పిల్లలు చేసేదంతా అండర్‌టేకే.

ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లలున్న ఇంట్లో ఇదీ చెప్పేయాలి. ఓవర్‌టేక్, ఓవర్‌టుక్, ఓవర్‌టేకెన్. 'ఓవర్‌టేక్డ్' అని లేదు. బస్సుని దాటామంటే నేరుగా బస్సు పేరే తర్వాత రావాలి, మధ్యలో 'టు' అక్కర్లేదు. ఈ రెండు ముక్కల్నే తిరగేసి 'టేకోవర్' అంటే అర్థం వేరు, ఒకరి చేతిలోది మన చేతిలోకి తీసుకోవడం. ఆఫీసుల్లో చార్జి తీసుకుంటారే, అది. మనం తెలుగులో ఈ మాటకి ఇంకో అర్థం కూడా అంటగట్టాం. "నన్ను ఓవర్‌టేక్ చేసి మీ నాన్నగారిని అడిగావా?" అని నేనే పిల్లల్ని కోప్పడిన రోజులున్నాయి. చెప్పకుండా పైవాళ్ళ దగ్గరికి వెళ్ళడం అన్నమాట. ఆ అర్థం ఏ ఇంగ్లీషు నిఘంటువులోనూ దొరకదు. అది మనదే.

ఇదంతా చదువుతుంటే మా నాన్నగారు గుర్తొచ్చారు. ఆయన లారీ డ్రైవరు. ఇరవై ఎనిమిదేళ్ళు నడిపారు. రాజమండ్రి నుంచి విజయవాడ, విశాఖ, ఒక్కోసారి కలకత్తా దాకా. అప్పట్లో ఆ రోడ్డు పోనూ రానూ ఒక్కటే. మధ్యలో గోడల్లేవు, అటు రెండు ఇటు రెండు లేన్లు లేవు. స్కూలు సెలవుల్లో ఒకటి రెండుసార్లు నన్ను క్యాబిన్లో ఎక్కించుకుని తీసుకెళ్ళారు. ఇంజను వేడికి కాళ్ళు కాలిపోయేవి. ఆయన నోట ఓవర్‌టేక్ అనే మాట నేను ఎక్కువగా వినలేదు. ఆయన భాషలో అది 'సైడ్'. వెనకవాడు హారన్ కొట్టి సైడ్ అడుగుతాడు. ముందువాడు సైడ్ ఇస్తాడు. సైడ్ ఇచ్చాడు, సైడ్ ఇవ్వలేదు, ఎంతసేపటికీ సైడ్ ఇవ్వడే! లారీ వెనకాల హారన్ ప్లీజ్ అని రంగులతో రాయించుకునేది అందుకే. ఇంజను హోరులో వెనకవాడు వచ్చాడని తెలియాలి కదా, అడిగితేనే కదా ఇచ్చేది.

ఇవ్వడం ఎలాగో కూడా చూశాను. ముందు మలుపు లేదనీ, ఎదురుగా ఏ బండీ రావడం లేదనీ చూసుకుని, నాన్నగారు కుడి చెయ్యి కిటికీలోంచి బారుగా బయటికి చాపి, ముందుకీ వెనక్కీ ఊపేవారు. రావయ్యా, రా, అన్నట్టు. అది ఆయన సొంత పద్ధతి అనుకునేదాన్ని. ఈ వెతుకులాటలో తెలిసింది, అది చట్టంలోనే ఉంది! 1988 మోటారు వాహనాల చట్టం కింద 1989లో చేసిన రోడ్డు నిబంధనల్లో, వెనకవాణ్ణి దాటి వెళ్ళమని చెప్పదలచుకుంటే కుడిచెయ్యి చాపి అర్ధచంద్రాకారంగా ఊపాలని రాసి ఉంది. అంతకన్నా ముఖ్యమైనది ఇంకోటి ఉంది. ముందు వెళ్తున్న డ్రైవరు సంజ్ఞ ఇవ్వలేదని తెలిస్తే వెనకవాడు దాటకూడదు. మలుపులోనూ, ముందు దారి కనబడని ఎత్తు మీదా దాటకూడదు. దాని వెంటనే ఉన్న నిబంధనని నేను రెండుసార్లు చదివాను. ఒక బండి నిన్ను దాటుతున్నప్పుడు నువ్వు వేగం పెంచకూడదు. దాటనివ్వకుండా చేసే ఏ పనీ చెయ్యకూడదు.

2017లో వాటి స్థానంలో కొత్త నిబంధనలొచ్చాయి. నాలుగు లేన్ల రోడ్ల మీద ఇప్పుడు చేతులు ఊపేవాళ్ళెవరున్నారు? ఏసీ కార్లకి అద్దాలే దిగవు.

సముద్రం మీద మాత్రం ఈ మర్యాద ఇంకా ఉంది. ఓడలు ఒకదాన్నొకటి ఢీకొనకుండా 1972లో చేసుకున్న అంతర్జాతీయ నిబంధనల్లో 13వది ఓవర్‌టేక్ గురించే. దాటే ఓడే దాటబడే ఓడకి అడ్డం లేకుండా తప్పుకోవాలి, పూర్తిగా దాటి దూరం జరిగేదాకా ఆ బాధ్యత దానిదే. ఇరుకు కాలువల్లో ముందు ఓడ తప్పుకుంటేనే గానీ దాటలేని పరిస్థితి వస్తే, వెనక ఓడ కూత వేసి అడగాలి. కుడిపక్కనుంచి వెళ్తానంటే రెండు పొడుగు కూతలు, ఒక పొట్టి కూత. ముందు ఓడ సరేనంటే పొడుగు, పొట్టి, పొడుగు, పొట్టి అని జవాబు కూస్తుంది. చదివి నవ్వొచ్చింది. అచ్చం మా నాన్నగారి సైడ్ అడగడం, సైడ్ ఇవ్వడమే.

ఇంగ్లీషు మాటలో చేసేవాడొక్కడే ఉన్నాడు. ఆ రెండోవాడు ఊరికే వెనకబడిపోయేవాడు. లారీవాళ్ళ మాటలో ఇచ్చేవాడున్నాడు.

పెళ్ళిళ్ళ వరస దగ్గరికొస్తే, లాబాను దేశంలోనే కాదు, మన దగ్గరా ఇది పెద్ద గొడవే. అన్న ఉండగా ముందు పెళ్ళి చేసుకున్న తమ్ముణ్ణి మన ధర్మశాస్త్రాలు 'పరివేత్త' అన్నాయి. వెనకబడిన అన్నకి 'పరివిత్తి' అని పేరు పెట్టాయి. తప్పు ఇద్దరిదీ అన్నాయి! తమ్ముడు ముందు వెళ్ళాడు సరే, అన్న చేసిన తప్పేమిటో నాకెప్పటికీ అర్థం కాదు. ద్రౌపదిని గెలుచుకొచ్చిన అర్జునుణ్ణి ధర్మరాజు నువ్వే పెళ్ళి చేసుకోమంటే, ముందు నువ్వు, తర్వాత భీముడు, ఆ తర్వాతే నేను అంటాడు అర్జునుడు. అయితే భీముడు అప్పటికే హిడింబిని చేసుకున్నాడు. అంటే అక్కడ ఒక ఓవర్‌టేక్ జరిగిపోయింది. కుంతి, ధర్మరాజు ఒప్పుకున్నారు కాబట్టి ఎవరూ దాన్ని అలా అనరు.

ఇంగ్లండులోనూ తక్కువేం కాదు. 1813లో వచ్చిన జేన్ ఆస్టిన్ నవల 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' ఇంటర్లో మా క్లాసులో అందరం పంచుకుని చదివాం. అందులో అయిదుగురు అక్కచెల్లెళ్ళలో ఆఖరిది లేచిపోయి, అందరికన్నా ముందు పెళ్ళి చేసుకుని తిరిగొస్తుంది. భోజనాలకి వెళ్ళేటప్పుడు తల్లి పక్కన పెద్దక్క నడిచే చోటుని, పెళ్ళైనదాన్ని కాబట్టి ఇకమీదట నాదేనని లాక్కుంటుంది. పదిహేడేళ్ళప్పుడు అది చదివి నవ్వుకున్నాను. ఇప్పుడు నాకు కనబడేది ఒక్క అడుగు వెనక్కి వేసి చోటిచ్చిన ఆ పెద్దక్కే.

మా పెద్దదానికి ముప్ఫయ్యేళ్ళు. హైదరాబాదులో ఉద్యోగం. ఇరవై అయిదు దాటినప్పటినుంచీ సంబంధాలు చూశాం. కొన్ని వాళ్ళకి నచ్చలేదు, కొన్ని దానికి నచ్చలేదు. రెండేళ్ళ కిందట ఒకరోజు ఫోన్లో చెప్పింది. "చెల్లికి మంచి సంబంధం వస్తే నా కోసం ఆపకండమ్మా. కానిచ్చేయండి." ఆ మాట మీదే మేం చిన్నదాని సంగతి ముందుకి తీసుకెళ్ళాం. అయినా ఈ ఏడాదిలో ఎంతమంది చెప్పారో! చిన్నదాని ముహూర్తం లోపల పెద్దదానికి ఏదో ఒకటి చూసేయండి, బాగోదు అని. వేగం పెంచమనే అందరి సలహా. నేనూ ఒక బలహీనపు క్షణంలో ఇద్దరు ముగ్గురి ఫొటోలు దానికి పంపాను. జవాబివ్వలేదు.

నాన్నగారు నేర్పిన వాటిలో ఒకటుంది, ఇన్నాళ్ళూ పట్టించుకోలేదు. రాత్రిపూట చెయ్యి కనబడదు కాబట్టి లారీవాళ్ళు కుడి ఇండికేటరు వేసి వెనకవాణ్ణి వెళ్ళమంటారు. కానీ కుడి ఇండికేటరంటే కుడిపక్కకి మళ్ళుతున్నాను అని కూడా. రెండింటికీ ఒకటే లైటు. "వెళ్ళమన్నాడనుకుని పోయావా, వాడు మళ్ళాడా, అంతే. ఆ లైటు చూసి తొందరపడకూడదమ్మా, వాడి బండి ఎటు జరుగుతోందో చూడాలి" అనేవారు. ఆయన స్నేహితుడొకాయన తుని దగ్గర అలాగే పోయారు. నాన్నగారు ఆ మాట చెప్పినప్పుడల్లా స్టీరింగు మీద ఒక చెయ్యి తీసి కళ్ళకద్దుకునేవారు.

కానిచ్చేయండి అని అది వెలిగించిన లైటుకి అర్థం ఏమిటో రెండేళ్ళుగా నేను అడగలేదు. చూసి వెళ్ళిపోయాను, అంతే.

క్రితం ఆదివారం అది ఇంటికొచ్చింది. చిన్నదాని చీరలకి ఫాల్స్ కుట్టడానికి ఇద్దరం కూర్చున్నాం. చిన్నది బయటికెళ్ళింది. ఇదంతా చెప్పాను, టేక్ దగ్గర్నుంచి ఓడల కూతల దాకా. నవ్వుతూ వింది. తాతయ్య చెయ్యి ఊపడం దానికీ గుర్తుంది, సైకిల్ నేర్పించేటప్పుడు నేర్పారట. అప్పుడు అడిగాను, నువ్వు నిజంగా సైడ్ ఇచ్చావా, లేక ఇంకేదైనా చెప్పావా, మాకే అర్థం కాలేదా అని.

సూది పక్కన పెట్టింది. "ఇచ్చానమ్మా. నిజంగానే ఇచ్చాను" అంది. కాసేపాగి, "కానీ ఇచ్చాక పక్కన ఒక్కదాన్నే ఉండిపోతానని అప్పుడు తెలీలేదు. అందరూ దాని వెనకే వెళ్ళిపోయారు. నువ్వు కూడా" అంది.

నేనేం మాట్లాడలేదు. దారం తెగింది, మళ్ళీ ఎక్కించలేకపోతుంటే సూది అదే తీసుకుని ఎక్కించి ఇచ్చింది. సాయంత్రం బస్సుకి దించడానికి నేనూ వెళ్ళాను. మామూలుగా మా వారే వెళ్తారు. ఈసారి బస్సు ఎక్కించి వచ్చేయకుండా, దాంతోపాటు హైదరాబాదే వెళ్ళిపోయాను. చేతిలో పర్సు తప్ప ఏమీ లేదు. పెళ్ళి పనులు నెత్తిమీద ఉన్నాయి, చిన్నది ఫోన్ చేసి ఒకటే నవ్వు, ఇదేంటమ్మా అని. నాలుగు రోజుల్లో వచ్చేస్తానన్నాను. ఇది దాని గదిలో కూర్చునే రాస్తున్నాను. అది ఇంకా ఆఫీసు నుంచి రాలేదు, బియ్యం నానబెట్టాలి.